కొస స్టేషన్‌కు కొత్త రూపు: పల్నాడు రైలు దారి కథ

మాచర్ల: పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా సుమారు 130 కిలోమీటర్లు సాగివచ్చిన రైలు దారికి మాచర్లే చివరి మజిలీ. పడమట నల్లమల కొండలు, ఉత్తరాన కృష్ణానది. బండి వచ్చిన దారినే వెనుదిరగాలి తప్ప ముందుకు పోయే వీలు లేదు. పల్నాటి వీరుల గడ్డకు బయటి ప్రపంచాన్ని పరిచయం చేసిన ఈ కొస స్టేషన్ చరిత్ర తొమ్మిది దశాబ్దాలకు పైబడింది. అమృత్ భారత్ పథకంలో చోటు దక్కడంతో మాచర్లతోపాటు జిల్లాలోని మరో అయిదు స్టేషన్ల పునరుద్ధరణ చర్చకు వచ్చింది. ఈ నేపథ్యంలో పల్నాడు రైలు దారి ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఇక ముందు ఏం కావాలన్న అంశాలపై కథనం.

కరువు వేసిన తొలి దారి

పల్నాడు జిల్లాలో రెండు పాత రైలు దారులున్నాయి. ఒకటి నరసరావుపేట, వినుకొండ మీదుగా గుంతకల్లుకు వెళ్లేది. రెండోది మాచర్లకు వెళ్లేది. రెండింటి పుట్టుకకు కారణాలు వేరు, కాలాలు కూడా వేరు.

గుంటూరు సీమ కరువులకు కొత్తకాదు. 1832-33లో వచ్చిన నందన కరువు ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. 1876-78 మధ్య వచ్చిన ధాత కరువు మద్రాసు రాజధాని అంతటినీ అతలాకుతలం చేసింది. ఒకచోట ధాన్యం నిల్వ ఉన్నా, దాన్ని కరువు ప్రాంతానికి సకాలంలో చేర్చే సాధనం లేకపోవడం ప్రాణనష్టాన్ని పెంచింది. ఎడ్లబండ్లు మోసే గింజల్లో కొంత ఎడ్ల మేతకు, బండివాని కూటికే సరిపోయేది. పైగా కరువులో ముందు చచ్చేవి ఎడ్లే. ఆ తర్వాత ఏర్పాటైన కరువు కమిషన్ మెట్ట ప్రాంతాలకు రైలు దారులు వేయాలని గట్టిగా సూచించింది.

ఆ ఆలోచనల ఫలితమే గుంతకల్లు నుంచి నంద్యాల, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా బెజవాడ వైపు సాగిన మీటర్‌గేజ్ దారి. సదరన్ మరాఠా రైల్వే ఆధ్వర్యాన 1890 నాటికి ఇది పూర్తయింది. పడమట పోర్చుగీసు పాలనలోని గోవా మార్మగోవా రేవు, తూర్పున కృష్ణా తీరం ఒకే దారితో కలిశాయి. మల్రాజు జమీందారుల పట్టణంగా పేరున్న నరసరావుపేటకు అలా రైలు వచ్చింది. పత్తి, ధాన్యం, పప్పుల వ్యాపారం పట్టణంలో వేళ్లూనింది. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చే యాత్రికులకు ఈ స్టేషనే దిగే చోటయింది.

మాచర్లకు ఆలస్యంగా వచ్చిన బండి

నరసరావుపేటకు రైలు వచ్చిన తర్వాత కూడా అసలు పల్నాడుకు నాలుగు దశాబ్దాలపాటు ఆ భాగ్యం కలగలేదు. గురజాల, కారంపూడి, మాచర్ల ప్రాంతాల వారికి ఎడ్లబండే దిక్కు. జొన్న, సజ్జ పండే మెట్ట భూములు, అడవి అంచు పల్లెలు, వాగులు దాటే కాలిబాటలు. 1921-22లో అడవి పుల్లరిపై ఇక్కడి రైతులు తిరగబడ్డారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు తూటాలకు బలైన నాటికి మాచర్లకు రైలు లేదు.

సదరన్ మరాఠా రైల్వే, మద్రాసు రైల్వే 1908లో విలీనమై మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేగా మారాయి. ప్రజలు పిలుచుకునే పేరు ఎం.ఎస్.ఎం. రైల్వే. ఆ సంస్థే గుంటూరు నుంచి రేపల్లెకు 1916లో రైలు నడిపింది. ఆ తర్వాత దృష్టి పల్నాడు వైపు మళ్లింది. 1930 దశకం ఆరంభానికి గుంటూరు-మాచర్ల మీటర్‌గేజ్ మార్గం వాడుకలోకి వచ్చింది. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాలలు రైలు ఊళ్లయ్యాయి.

మార్పు త్వరలోనే కనిపించింది. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల పరిసరాల నాపరాళ్లు, మిరప, పత్తి, అపరాలు గుంటూరు బజారుకు చేరే దారి సుగమమైంది. తిరుగు బండిలో ఉప్పు, కిరసనాయిలు, బట్టలు వచ్చేవి. కోర్టు వ్యవహారాలకు, పెద్దాసుపత్రికి, చదువులకు గుంటూరు వెళ్లే పల్నాటి వారికి రెండు మూడు రోజుల ప్రయాణం ఒక్కపూటలోకి వచ్చింది.

విజయపురికి ముంగిలి

రైలు వచ్చిన కాలంలోనే మాచర్ల పేరు దేశదేశాల పండితుల చెవిన పడింది. మాచర్లకు పడమట, కృష్ణానది ఒడ్డున నాగార్జునకొండ లోయలో 1926లో ఎస్.వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు ప్రాచీన శిథిలాలను గుర్తించి ప్రభుత్వానికి తెలియజేశారు. పురావస్తు శాఖ అధికారి ఏ.హెచ్.లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు అక్కడ తవ్వకాలు జరిపించారు. స్తూపాలు, చైత్యాలు, విహారాలు, శాసనాలు బయటపడ్డాయి. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి అదేనని తేలింది.

ఆ లోయకు సమీపంలోని రైలు స్టేషన్ మాచర్ల. స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి కొండదారుల్లో ప్రయాణించి లోయకు చేరడం నాటి పద్ధతి. పల్నాటి పౌరుష కథలకు, చెన్నకేశవ స్వామి ఆలయానికి ప్రసిద్ధమైన మాచర్ల ఆ విధంగా బౌద్ధ యాత్రకు ముంగిలి అయింది.

సాగర్ నిర్మాణంతో పెరిగిన రద్దీ

1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కాంక్రీటు యంత్రాలకు బదులు రాతికట్టుకు ప్రాధాన్యమిచ్చి వేలాది కూలీలకు పని కల్పించిన నిర్మాణమది. రాతికట్టు ఆనకట్టల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరుపొందింది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టారు.

ఈ పన్నెండేళ్లలో కృష్ణ కుడి ఒడ్డున సాగర్‌కు దగ్గరి రైలు స్టేషన్‌గా మాచర్ల ప్రాధాన్యం పెరిగింది. 1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం ఏర్పాటైంది. సున్నపురాయి నిల్వలు, రైలు సౌకర్యం, పక్కనే భారీ ఆనకట్ట ఒకదానికొకటి తోడయ్యాయి. తదనంతర కాలంలో దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాలు సిమెంటు, సున్నం పరిశ్రమలకు నెలవుగా మారడంలోనూ రైలు దారి పాత్ర ఉంది.

సాగర్ నీట మునగనున్న లోయలో 1954 నుంచి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వాన భారీ తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండపైన, కుడి ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి నిలబెట్టారు. పాత కట్టడాన్ని కాపాడుకోవడం అంటే ఏమిటో పల్నాడు ఆనాడే చూసింది. నేటి స్టేషన్ల పునరుద్ధరణకూ ఇది గుర్తుంచుకోదగిన పాఠమే.

కొస స్టేషన్ ఎలా పనిచేసేది?

మీటర్‌గేజ్ దారిలో రెండు పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజ్‌లో ఇది 1,676 మిల్లీమీటర్లు. ఇరుకు దారి వేయడానికి ఖర్చు తక్కువ, వంపులు తిప్పడం సులువు. అందుకే ఆదాయం అంతగా రాదనుకున్న మెట్ట ప్రాంతాలకు ఆనాడు మీటర్‌గేజ్ దక్కింది. అయితే బ్రాడ్‌గేజ్ కలిసేచోట ప్రతి బస్తానూ ఒక బండి నుంచి దించి మరో బండికి ఎక్కించవలసి వచ్చేది. హమాలీ ఖర్చు, జాప్యం, సరుకు నష్టం రైతు ధరలోంచే తగ్గేవి.

ఒంటి దారిపై రెండు బండ్లు ఎదురుపడకుండా టోకెన్ పద్ధతి ఉండేది. రెండు స్టేషన్లలోని యంత్రాలు తీగ ద్వారా అనుసంధానమై ఉంటాయి. ఒక స్టేషన్ మాస్టరు అనుమతిస్తేనే అవతలి స్టేషన్ యంత్రం నుంచి లోహపు గుండు బయటికి వస్తుంది. ఆ గుండును తోలు సంచిలో పెట్టి, వెదురు కడియానికి తగిలించి డ్రైవరుకు అందిస్తారు. గుండు చేతిలో లేనిదే బండి కదలరాదు. ఒకటి బయట ఉండగా రెండోది రాదు కనుక ఆ ముక్కలో ఒకే బండి ఉంటుంది.

బొగ్గు ఇంజన్ల కాలంలో కొస స్టేషన్ కేవలం టిక్కెట్టు గది కాదు. ఇంజనుకు నీరు పట్టాలి, బూడిద దులపాలి, ఇంజనును బండికి రెండో కొసకు మార్చి తగిలించాలి. అందుకు నీళ్ల తొట్టి, పక్క దారులు, సిబ్బంది నివాసాలు అవసరమయ్యేవి. స్టేషన్ చుట్టూ చిన్న పేటే వెలిసేది. అట్టముక్క టిక్కెట్టుపై తేదీ ముద్ర వేసే యంత్రం చప్పుడు, బండి రాకను తెలిపే గంట, ఇవన్నీ ఒక తరం పల్నాటి వారి జ్ఞాపకాల్లో భాగం. కంప్యూటర్ టిక్కెట్లు వచ్చాక ఆ అట్టముక్కలూ కనుమరుగయ్యాయి.

నడికుడి కూడలి అయిన వేళ

స్వాతంత్య్రానంతరం 1951 ఏప్రిల్ 14న ఎం.ఎస్.ఎం. రైల్వే దక్షిణ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. గుంటూరు కేంద్రంగా ప్రత్యేక డివిజన్ 2003 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

పల్నాడు రైలు చరిత్రలో పెద్ద మలుపు 1989లో పూర్తయిన బీబీనగర్-నడికుడి మార్గం. కృష్ణపై వంతెనతో నల్గొండ, మిర్యాలగూడల మీదుగా హైదరాబాద్‌కు నేరుగా దారి ఏర్పడింది. గుంటూరు-మాచర్ల మీటర్‌గేజ్ పట్టాల స్థానంలో బ్రాడ్‌గేజ్ వచ్చింది. సరుకు దించి ఎక్కించే బాధ తప్పింది. గుంటూరు-హైదరాబాద్ మధ్య పిడుగురాళ్ల, సత్తెనపల్లిలు ముఖ్య స్టేషన్లయ్యాయి. పల్నాడు పేరుతో ఎక్స్‌ప్రెస్ నడిచింది. 1990వ దశకంలో నరసరావుపేట మీదుగా గుంతకల్లు దారి కూడా బ్రాడ్‌గేజ్‌గా మారింది.

ఈ మలుపులోనే మాచర్లకు ఒక లోటు ఏర్పడింది. అప్పటిదాకా గుంటూరు దారికి గమ్యం మాచర్లే. కొత్త దారి వచ్చాక ప్రధాన రద్దీ నడికుడి నుంచి కృష్ణ దాటి వెళ్లిపోయింది. నడికుడి కూడలిగా ఎదిగితే, గురజాల, రెంటచింతల, మాచర్లలు సుమారు 35 కిలోమీటర్ల శాఖా మార్గంపై మిగిలాయి. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ప్లాట్‌ఫాంపై ప్రయాణికుడు ఎదురుచూసేది ఎక్స్‌ప్రెస్ కోసం కాదు, పాసింజరు కోసమే.

పాసింజరు ఆగిన రోజులు

కరోనా కారణంగా 2020 మార్చి చివరి వారంలో దేశవ్యాప్తంగా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయాయి. స్వాతంత్య్రానికి ముందుగానీ తర్వాతగానీ ఇంతకాలం బండి చప్పుడు వినపడని సందర్భం లేదు. దూరప్రాంత రైళ్లు దశలవారీగా మొదలైనా, చిన్న స్టేషన్లలో ఆగే పాసింజర్ల పునరుద్ధరణలో జాప్యం జరిగింది. మళ్లీ వచ్చినప్పుడు వాటిని ప్రత్యేక రైళ్లుగా, ఎక్స్‌ప్రెస్ ఛార్జీలతో నడిపారు. అప్పటివరకు రూ.10 ఉన్న కనీస టిక్కెట్టు రూ.30 అయింది. పక్క ఊరికి వెళ్లే కూలీకి, కళాశాలకు వెళ్లే విద్యార్థికి ఇది మూడింతల భారం. 2024 ఫిబ్రవరి చివరిలో పాత ఛార్జీలను పునరుద్ధరించడంతో ఊరట లభించింది.

చిన్న స్టేషన్‌కు ప్రాణం భవనం కాదు, ఆగే బండి అని ఆ నాలుగేళ్లు తేటతెల్లం చేశాయి. బస్సు ఛార్జీతో పోలిస్తే పాసింజరు టిక్కెట్టు ధర ఎంతో తక్కువ. మిరప కోతల కాలంలో కూలీలకు, గుంటూరు ఆసుపత్రులకు వెళ్లే రోగులకు, చిరువ్యాపారులకు అదే ఆధారం.

అమృత్ భారత్‌లో ఆరు స్టేషన్లు

స్టేషన్ల అభివృద్ధికి రైల్వే మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో అమృత్ భారత్ స్టేషన్ పథకాన్ని ప్రకటించింది. దేశవ్యాప్తంగా 1,200కు పైగా స్టేషన్లను ఎంపిక చేసింది. పల్నాడు జిల్లా నుంచి నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, మాచర్లలకు జాబితాలో చోటు లభించింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు ఇది చెప్పుకోదగ్గ విషయమే.

2023 ఆగస్టు 6న ప్రధాని నరేంద్రమోదీ దృశ్యమాధ్యమం ద్వారా దేశంలోని 508 స్టేషన్ల పనులకు శంకుస్థాపన చేశారు. అందులో పిడుగురాళ్ల ఉంది. 2024 ఫిబ్రవరి 26న మరో 554 స్టేషన్ల పనులకు పునాది పడింది. 2025 మే 22న దేశంలో పూర్తయిన 103 స్టేషన్లను ప్రారంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి సూళ్లూరుపేట ఒక్కటే ఉంది.

ఒకేసారి అంతా కూల్చి కట్టడం ఈ పథకం ఉద్దేశం కాదు. ప్రతి స్టేషన్‌కు ఒక దీర్ఘకాలిక ప్రణాళిక సిద్ధం చేసి, నిధుల లభ్యతను బట్టి అంచెలంచెలుగా పనులు చేపట్టాలి. స్టేషన్ ముందు వాహనాల రాకపోకలకు విశాలమైన ఆవరణ, వేచి ఉండే గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, తగినంత ఎత్తున్న ప్లాట్‌ఫాంలు, వాటిపై కప్పు, పాదచారుల వంతెన, దివ్యాంగులకు వాలుదారులు, అవసరమైన చోట లిఫ్టులు, స్పష్టమైన సూచిక బోర్డులు ఇందులో ప్రధానాంశాలు. ‘ఒక స్టేషన్-ఒక ఉత్పత్తి’ పేరిట స్థానిక వస్తువుల అమ్మకానికి చోటు కల్పించే వీలుంది.

ఏది మార్చాలి, ఏది నిలపాలి?

పునరుద్ధరణ పేరిట పాత ఆనవాళ్లు చెరిగిపోయే ప్రమాదం ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖద్వార భవనాన్ని 2025 ఆరంభంలో కూల్చినప్పుడు చరిత్ర ప్రియులు ఆవేదన చెందారు. అదే నగరంలో 1916 నాటి కాచిగూడ స్టేషన్ భవనాన్ని మాత్రం చెక్కుచెదరకుండా నిలుపుకొంటూనే ఆధునిక వసతులు కల్పించారు. డార్జిలింగ్, నీలగిరి కొండ రైలు దారులు యునెస్కో వారసత్వ జాబితాకెక్కడానికి కారణం వాటి పాత రూపాన్ని కాపాడుకోవడమే.

పల్నాడు స్టేషన్లకు అంతటి హంగు లేకపోవచ్చు. మీటర్‌గేజ్ కాలపు గోడ, నీళ్ల తొట్టి, రాతి అరుగు, పాత గంట ఎక్కడ మిగిలి ఉంటే అక్కడ నిలపడానికి పెద్ద ఖర్చు కాదు. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూత పూస్తే లోపలి తేమ బయటికి పోలేక గోడ పుచ్చిపోతుంది. అలాంటి చోట సున్నపు పూతే వాడాలన్నది కట్టడ పరిరక్షణలో మొదటి పాఠం. సున్నానికి పిడుగురాళ్లలో కొదవ లేదు. మాచర్ల నాపరాయి ప్లాట్‌ఫాంకు పరిస్తే ఊరి గుర్తూ నిలుస్తుంది. నాగార్జునకొండ తవ్వకాలు, సాగర్ నిర్మాణం, పుల్లరి పోరాటం, పల్నాటి వీరుల కథ తెలిపే ఫలకాలు ప్లాట్‌ఫాంపై ఉంటే వచ్చేపోయేవారికి ఊరి చరిత్ర తెలుస్తుంది.

దారి ముందుకు సాగితేనే...

భవనాలతోపాటు పట్టాలపైనా పనులు జరుగుతున్నాయి. గుంటూరు-గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్ల రెండో దారికి 2016-17లో మంజూరు లభించింది. గుంటూరు-బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల రెండో దారికి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2011-12లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి కొత్త మార్గం పొడవు 309 కిలోమీటర్లు. ఇందులో పిడుగురాళ్ల-శావల్యాపురం ముక్క ముందుగా పూర్తికావడంతో జిల్లాలోని రెండు పాత దారులు తొలిసారి జిల్లాలోనే కలిశాయి.

వీటిలో ఏదీ మాచర్ల శాఖను తాకదు. మాచర్ల నుంచి నల్గొండ వైపు దారి పొడిగించాలన్న ప్రతిపాదన దశాబ్దాలుగా ఉన్నా పట్టాలు పడలేదు. అది నెరవేరితే కొస స్టేషన్ నడిమి స్టేషన్ అవుతుంది. సాగర్, నాగార్జునకొండ, అనుపులకు వచ్చే పర్యాటకులకూ రైలు దగ్గరవుతుంది. అంతవరకు ఉన్న పాసింజర్లు వేళకు నడవడం, గుంటూరు వెళ్లే విద్యార్థులకు, రోగులకు ఉదయం పోయి రాత్రికి తిరిగివచ్చే వీలుండటం ముఖ్యం. ముఖద్వారానికి రంగులద్ది, బండ్ల సంఖ్య పెంచకుంటే పునరుద్ధరణ సగమే అవుతుంది.

మైలురాళ్లు

- 1890: గుంతకల్లు-బెజవాడ మీటర్‌గేజ్ దారి పూర్తి. నరసరావుపేట, వినుకొండలకు రైలు
- 1908: మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే ఏర్పాటు
- 1930 దశకం ఆరంభం: గుంటూరు-మాచర్ల మీటర్‌గేజ్ మార్గం వాడుకలోకి
- 1955: నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన
- 1966: దక్షిణ మధ్య రైల్వే ఏర్పాటు
- 1989: బీబీనగర్-నడికుడి మార్గం పూర్తి
- 2003: గుంటూరు డివిజన్ ఏర్పాటు
- 2020: కరోనాతో పాసింజర్ల నిలిపివేత
- 2023: పిడుగురాళ్ల స్టేషన్ అభివృద్ధికి శంకుస్థాపన
- 2024: పాసింజర్లలో పాత కనీస ఛార్జీ పునరుద్ధరణ